మెహరు మిషను

పుంగనూరులో జమాలమ్మ నిఖా జరిగిన రోజున షామియానా కింద కూర్చున్న అంతమంది దూదేకుల పెద్దల్లో మెహరు గురించి పట్టించుకున్నవాడు ఒక్కడూ లేడు. పట్టించుకునే అలవాటు వాళ్లకు లేదు. మెహరంటే పెళ్లికూతురికి మొగుడు ఇవ్వవలసిన సొత్తు. అది ఆమెదే. ఆమె తండ్రిది కాదు, మొగుడిది అసలే కాదు. షరియత్తు ఇంత తేటగా చెప్పింది కాబట్టే దాన్ని మరిచిపోవడానికి మగవాళ్లంతా అంతగా కష్టపడతారు. కాజీ అడుగుతాడు, పెళ్లికొడుకు తండ్రి గొంతు సవరించుకుని ఏదో ఒక అంకె చెబుతాడు, అందరూ ఆమీన్ అంటారు, అటు పలావు గిన్నెల మూతలు లేస్తాయి. ఆ అంకె మళ్లీ ఎవరికీ గుర్తు రాదు.

ఆ రోజు కూడా అలాగే జరిగిపోయేదే. 1994 ఎండాకాలం, ఉక్కపోత. పెళ్లికొడుకు మదారువలి తండ్రి దస్తగిరి సాయిబు మామూలు అంకే చెప్పబోయాడు. జమాలమ్మ మేనమామకు నోరు కాస్త దురుసు. "ఏం సాయిబూ, మదనపల్లెలో పెద్ద పరుపులంగడి అంటిరి. మెహరు మాత్రం మా ఊరి కూలోళ్లు సెప్పేదే సెప్తాండారే?" అన్నాడు. నలుగురు నవ్వారు. దస్తగిరి సాయిబు దేన్నయినా ఓర్చుకుంటాడు గానీ నలుగురు నవ్వితే ఓర్చుకోలేడు. మీసం మెలేసి లేచి నిలబడ్డాడు.

"డబ్బు లెక్క యాలప్పా? రాసుకో కాజీ సాబ్! మా అంగట్లో దూదేకే మిషను ఉండాది గదా, మోటారుతో సహా అదే మా కోడలికి మెహరు!"

షామియానా కింద ఈలలు మోగాయి. మదనపల్లె నుంచి పెళ్లివారితో వచ్చిన, మసీదు బాగోగులు చూసే ముతవల్లి సాక్షిగా వేలిముద్ర కాదు, ఏకంగా సంతకమే పెట్టాడు. పెళ్లికొడుకు ముఖం మాత్రం పాలిపోయింది. తిరుగు ప్రయాణంలో జీపులో తండ్రి కొడుకు వీపు మీద చరిచి ధైర్యం చెప్పడం ముందు సీట్లో కూర్చున్న జమాలమ్మ చెవిన పడింది. "యాలరా మొగం అట్ల పెట్టినావు? మిషను మనింట్లోనే ఉంటాది. కోడలూ మనింట్లోనే ఉంటాది. ఇంగ యాడికి పోతాది?"

ఆ మిషను మదనపల్లెలో టమాటా మార్కెట్టుకు పోయే దారిలో, ఇంటి ముందు భాగంలోనే ఉన్న అంగట్లో ఉండేది. స్విచ్చు వేస్తే వీధంతా రొద. ఒక పక్క నుంచి గడ్డకట్టిన దూది పెడితే ఇంకో పక్క నుంచి పాలనురుగులా బయటికి వస్తుంది. జమాలమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని దానికి దూది అందించడం నేర్చుకుంది, దబ్బనంతో పరుపులు కుట్టడం నేర్చుకుంది, బెల్టు తెగితే మార్చడం కూడా నేర్చుకుంది. మామ బతికున్నంత కాలం అంగడికి వచ్చినవాళ్లకు "ఇది మా కోడలి మిషను" అని చూపించి నవ్వేవాడు. ఆయన 1998లో పోయాక ఆ మాట అనేవాళ్లు లేరు.

అరిచే మొగుడితో కాపురం ఎలాగో చేయొచ్చు. తిడతాడు, చెంబు విసిరికొడతాడు, సాయంత్రానికి చల్లబడతాడు. మదారువలి అరవడు. చిరునవ్వుతో మెత్తగా మాట్లాడుతూనే మనిషిని కోసేస్తాడు. ఆమె ఒళ్లు కాలిపోతుంటే నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "జొరం ఉండాదే పాపం, దిండ్లు మాత్రం రేపటికి ఇయ్యాల" అంటాడు. మోటారు కాలిపోయినప్పుడు ఆమె కమ్మలు అమ్మి బాగు చేయించాడు. మళ్లీ ఆ కమ్మల మాట ఎత్తలేదు. పిల్లలు పుట్టలేదని ఊరు అడిగితే ఆమె వైపు జాలిగా చూసి ఊరుకునేవాడు. ఆ జాలి చూపు కంటే చెంపదెబ్బ నయమనిపించేది ఆమెకు.

కానీ ఒక్క విషయంలో అతను నిప్పు. దూదిలో చిటికెడు కల్తీ కలపడు. తండ్రి నేర్పిన పని, తండ్రి పెట్టిన పేరు. హాస్టలుకు పరుపులు కావాలనీ, మిల్లు వేస్టు కలిపి చవగ్గా ఇమ్మనీ పెద్ద కాంట్రాక్టరు వస్తే దండం పెట్టి పంపించేశాడు. ఒకసారి కలకడ నుంచి మల్లప్ప అనే రైతు కూతురి పెళ్లికి పరుపు కొనుక్కుంటూ, బేరంలో మాట తూలి, "వేస్టు గానీ కలిపినావా ఏంది?" అన్నాడు. అంతే. జమాలమ్మ మొదటిసారి మొగుడి మెడ మీద నరాలు చూసింది. కత్తి తీసుకుని కొత్త పరుపును నిలువునా చీల్చి, గుప్పెళ్లతో దూది తీసి మల్లప్ప ముఖాన కొట్టి, నోటికొచ్చినట్టు బూతులు తిట్టి, వీధంతా గుమిగూడేలా చేశాడు. డబ్బు మొహాన పారేసి తరిమేశాడు. కోపం దిగాక, తాను ఏమేం అన్నాడో తనకే గుర్తులేదని చెప్పుకున్నాడు. పాపం మల్లప్ప మళ్లీ ఆ దారిన నడవలేదు.

2001లో చలికాలం ముగిసే రోజుల్లో కుప్పం నుంచి అబ్దుల్ ఖుద్దూసు వచ్చాడు. గ్రానైటు రాళ్లు కోసి పాలిషు పట్టే వ్యాపారం ఆయనది. వచ్చినవాడు పరుపుల వైపు చూడలేదు. మిషను చుట్టూ తిరిగాడు, మోటారు మీద చెయ్యి పెట్టి చూశాడు. తెర వెనక జమాలమ్మ పరుపు కుడుతోందని అతనికి తెలియదు.

"మా పెద్దపాపకు ఉత్త మాట మెహరు సెప్పి ఎగనామం పెట్టినారప్పా" అన్నాడు ఖుద్దూసు. "సిన్నపాపకు సేతికి తగిలే వస్తువు కావాల నాకు. నువ్వు మెహరుగా ఇస్తానన్న మిషను బాగుండాది. కానీ ఇది నీ మొదటి పెండ్లాం మెహరు అంటాండారే?"

"అది నేను సూసుకుంటాను మామా."

"రాయి మీద ఒకరి గుర్తేసినాక ఇంగొకరికి అమ్మను నేను. ముందు అది తెంచుకోని రా."

జమాలమ్మ చేతిలో దబ్బనం ఆగిపోయింది. తన మొగుడు తన మెహరును ఇంకో ఆడపిల్లకు మెహరుగా బేరం పెడుతున్నాడు. రెండో పెళ్లి చేసుకుంటాడన్న బాధ ఆ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మాత్రం ఒళ్లంతా మండిపోయే కోపం.

సాయంత్రం అతను ఎన్నడూ లేనిది మల్లెపూలు తెచ్చాడు. "జమాలా, నీకు నా కాడ సుఖం లేదు. నాకు తెలుసు. నువ్వు ఖులా అడుగు. నేను అడ్డం సెప్పను" అన్నాడు.

ఆ తియ్యటి మాటలో ఉన్న మెలిక ఆమెకు తెలుసు. మొగుడు తలాకు చెబితే మెహరు పెండ్లాం చేతిలో పెట్టి పంపాలి. పెండ్లామే విడుదల కావాలని ఖులా అడిగితే మెహరు వదులుకుని ఉత్త చేతులతో పోవాలి. ఎవరి నోటి నుంచి ముందు మాట వస్తే వాళ్లకు నష్టం.

"నీకు నేను వద్దనిపిస్తే నువ్వే తలాకు సెప్పు" అంది.

"ఛ ఛ. అంత మాట నా నోటితో యాల?" అని నవ్వాడు.

ఆ రోజు నుంచి ఆమె నోట ఆ మాట రప్పించడమే అతనికి పనయింది. బియ్యం తేవడం మానేశాడు. ఆమె పక్కింట్లో పూలు కట్టి అమ్మే తులసమ్మ దగ్గర తిని వచ్చి, అతని ముందే చేతులు తుడుచుకుంది. అమ్మను చూసి రమ్మని పుంగనూరు బస్సెక్కించి, ఇంటికి కొత్త తాళం వేశాడు. ఆమె మరుసటి రోజు మొదటి బస్సుకే వచ్చి, అంగడి ముందు రోడ్డు మీద చాప పరిచి, దిండ్లు కుడుతూ కూర్చుంది. జనం నిలబడి చూడటం మొదలెట్టాక అతనే తాళం తీశాడు. నవ్వుతూనే తీశాడు.

అప్పుడు అతను అసలు దెబ్బ కొట్టాడు. శుక్రవారం నమాజు అయ్యాక మసీదు వీధిలో ఇద్దరు ముగ్గుర్ని పక్కకు పిలిచి, తల దించుకుని, మెత్తగా, బాధగా చెప్పాడట. ఆదోని నుంచి దూది తెచ్చే లారీ డ్రైవరుకూ తన పెండ్లానికీ మధ్య ఏదో ఉందనీ, ఇంటి పరువని తాను నోరు మూసుకున్నాననీ. అరిచి చెప్పి ఉంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. మెత్తగా చెప్పాడు కాబట్టి అందరూ నమ్మారు. మనవళ్లున్న ఆ డ్రైవరు సిగ్గుతో మదనపల్లె రావడం మానేశాడు. నీళ్ల కొళాయి దగ్గర ఆడవాళ్లు జమాలమ్మ బిందెకు తమ బిందె తగలకుండా జరుపుకున్నారు.

అదంతా ఆమె భరించింది. పుంగనూరు నుంచి తల్లి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, చెవిలో అడిగిన మాట భరించలేకపోయింది.

"నిజం సెప్పు పాపా. జరిగిందా?"

కన్నతల్లి! లేదని ఎలా చూపించాలి? గుండె తీసి చూపించడానికి వీలవుతుందా? తల్లి వెళ్లిపోయాక జమాలమ్మ మిషను పక్కన కూలబడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచేసరికి లోపల ఏదో గట్టిపడిపోయింది. ఇల్లు నిలబెట్టుకోవాలన్న ఆశ ఎలాగూ లేదు. ఇక ఉత్త చేతులతో పోకూడదన్న పంతం ఒక్కటే చాలదు, పోయేముందు వాడిని సరిగ్గా తగలాల్సిన చోట కొట్టాలి. ఆ చోటేదో లోకంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

మర్నాడు ముతవల్లి ఇంటికి పోయి, "ఖులా అడుగుతా సాయిబూ. పెద్దలను కూసోబెట్టండి" అంది. ముతవల్లి ముసలాయన. దస్తగిరి సాయిబు స్నేహితుడు. "మిషను నీది తల్లీ. నేను సాక్షిని. వదులుకుంటావా?" అన్నాడు. "అది పెద్దల ముందర సెప్తా" అని ఆమె తల వంచుకుని వచ్చేసింది.

మదారువలి సంతోషం పట్టలేకపోయాడు. ఖుద్దూసు మాత్రం రాళ్ల వ్యాపారి. "నా ఇంట్లోనే కూసుందాం. నా సెవుల్తో వినాల" అని కబురు పంపాడు. పోయేముందు మదారువలి ఇంకో ముచ్చట తీర్చుకున్నాడు. కాబోయే అత్తవారింటికి కానుకగా ఒక బూరుగుదూది పరుపు పంపాలట. దాన్ని జమాలమ్మే కుట్టాలట. "నీ సేతి కుట్టు మాదిరి ఎవురికీ రాదు గదా" అన్నాడు, అదే నవ్వు.

ఆమె కుట్టింది. ఏరిన బూరుగుదూది, నలక లేకుండా, మిషన్లో రెండుసార్లు ఏకి, మూలలు తీర్చి, తన పెళ్లి పరుపుకు కూడా వేయనంత సన్నని కుట్టు వేసింది. తులసమ్మ చూసి తిట్టిపోసింది. "సవితికి పరుపు కుడతాండావు, సిగ్గు లేదా మే నీకు? ముళ్లన్నా పెట్టి కుట్టు!" జమాలమ్మ దారం కొరికి, "మంచి దూదే ఉండాల్లే అక్కా" అంది.

కుప్పంలో ఖుద్దూసు ఇంటి హాల్లో నల్లరాతి బండలు అద్దంలా మెరుస్తున్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది. పరుపు ఒక పక్క గోడకు ఆనించి ఉంది. మదనపల్లె పెద్దలు, కుప్పం పెద్దలు జంపఖానా మీద కూర్చున్నారు. ఖుద్దూసు భార్య, చిన్నకూతురు వంటింటి గడప దగ్గర నిలబడ్డారు. ఆ పిల్లకు ఇరవై కూడా ఉండవు. జమాలమ్మకు ఆ పిల్ల మీద కోపం రాలేదు.

"సెప్పమ్మా, నీ నోటితో" అన్నాడు ముతవల్లి.

జమాలమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. "సెప్తాను సాయిబూ. సెప్పేదానికే వచ్చినాను. దానికి ముందు ఒక మాట. నేను పోతాండాను, పోయేదాన్ని. కానీ రేపు ఆ పాప ఆ పరుపు మీద పడుకుంటే ఆ పాపం నాకు తగుల్తాది."

"ఏంది పాపం?" అన్నాడు ఖుద్దూసు.

ఆమె తల దించుకుంది. మెత్తగా, బాధగా, మసీదు వీధిలో మొగుడు వాడిన గొంతుతోనే చెప్పింది. "అది కొత్త దూది కాదన్నా. సచ్చినోళ్ల పరుపులు ఊరి బయట పారేస్తారు గదా, వల్లకాటి కాడ. ఆ దూది. ఎండబెట్టి మిషన్లో ఏస్తే ఎవురికి తెలుస్తాది? ఇంటి పరువని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను."

ఖుద్దూసు భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టి వెనక్కి లాగింది. పెద్దలు పరుపు వైపు నుంచి దూరంగా జరిగారు. వాళ్లలో సగం మంది మదారువలి అంగడి పరుపుల మీద పడుకునేవాళ్లే.

"అబద్ధం" అన్నాడు మదారువలి. గొంతు ఇంకా మెత్తగానే ఉంది. మెడ మీద నరం మాత్రం లేచింది.

"నా సేతుల్తో కుట్టినాను గదా, నాకు తెల్దా?" అంది జమాలమ్మ, ఇంకా మెత్తగా. "ఇప్పటిది కాదు ఇది. మామ కాలం నుంచీ ఇదే పని."

ఆ మాటతో తెగింది. మదారువలి ఎగిరి నిలబడ్డాడు. ఏడేళ్లుగా ఆమె మీద పడకుండా దాచుకున్న అరుపంతా ఒక్కసారి బయటికొచ్చింది. "మా నాయన పేరు ఎత్తుతావా లంజా! మా దూదినా! మా దూదినా నువ్వనేది! పో! నాకొద్దు నువ్వు! తలాక్! తలాక్! తలాక్!"

ఏమన్నాడో అతనికి ఇంకా తెలియలేదు. కళ్లు ఎర్రబడి, వంటింట్లోకి దూసుకుపోయి కూరగాయలు కోసే కత్తి తెచ్చి, పరుపును ఈ మూల నుంచి ఆ మూలకు చీల్చాడు. గుప్పెళ్లతో దూది తీసి పైకి విసిరాడు. ఫ్యాను గాలికి అది హాలంతా లేచింది, పెద్దల టోపీల మీద, గడ్డాల మీద వాలింది. తెల్లటి, తేలికైన, మచ్చలేని బూరుగుదూది.

"సూడండి! వాసన సూడండి! ఇదా వల్లకాటి దూది?" అని అందరి ముఖాల దగ్గరికీ తీసుకుపోయాడు. ఖుద్దూసు కొంచెం తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మంచి దూదే" అన్నాడు. మదారువలి కళ్లలో నీళ్లు తిరిగాయి. గెలిచానని నవ్వాడు.

ముతవల్లి తన గడ్డంలోని దూదిని తీరిగ్గా ఏరుకున్నాడు. "సూసినామప్పా. దూది మంచిదే. నువ్వన్న మాట కూడా అందరమూ విన్నాము. ఆ బిడ్డకు మిషను ఎప్పుడిస్తావు?"

మదారువలి నవ్వు ముఖం మీదే ఎండిపోయింది. "కోపంలో అన్నాను గదా!"

"నవ్వుతా తలాకు సెప్పినోడిని నేనింగా సూడలేదు నాయనా."

"అది అబద్ధం సెప్పింది గదా సాయిబూ!"

"దానికి ఆయమ్మ అల్లా ముందర జవాబు సెప్పుకుంటాది. మెహరుకు నువ్వు మా ముందర సెప్పుకో."

ఖుద్దూసు చెయ్యి దులుపుకుని లేచాడు. మిషను లేని అల్లుడు తనకు అక్కర్లేదన్నాడు. ఆ కత్తి పట్టుకున్న తీరు చూశాక మిషనున్నా అక్కర్లేదని వంటింట్లోంచి భార్య అంది. జమాలమ్మ గోడకు ఆనుకుని ఆ దూది వానను కళ్లారా చూసింది. కడుపు నిండినట్టుంది ఆమెకు. ఏమాత్రం జాలి కలగలేదు, కలగనందుకు బాధా లేదు.

తలాకు తర్వాత ఆగవలసిన ఇద్దత్ గడువు మూడు నెలలూ ఆమె అతని ఇంట్లోనే, అతని తిండి తింటూ కూర్చుంది. పెద్దల మాట కాబట్టి బియ్యం, నూనె, పప్పు అతనే తెచ్చి గడప దగ్గర పెట్టాడు. కుప్పంలో పుట్టిన మాట ఈలోగా మదనపల్లెకు చేరింది. పరుపు చీల్చి చూపించిన సంగతి మాత్రం దాంతో రాలేదు. అంగడికి వచ్చినవాళ్లు దిండును ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఏమీ అనకుండా, ఏమీ కొనకుండా పోయేవాళ్లు.

గడువు తీరాక ఆమె ఊళ్లోనే ఒక లారీ మాట్లాడింది. నలుగురు హమాలీలు మిషను పీకి ఎక్కించారు. పుంగనూరులో సంత వీధికి దగ్గర ఒక రేకుల షెడ్డు బాడుగకు తీసుకుంది. తల్లి వచ్చి మోటారుకు గోనెసంచి చుడుతూ, కూతురి ముఖంలోకి చూడలేక తల వంచుకునే ఉంది.

మదారువలి ఖాళీ అయిన చోట నిలబడ్డాడు. ఆ కొన్ని నెలల్లోనే మనిషి సగమయ్యాడు. వీధిలో అందరూ చూస్తుండగానే దగ్గరికొచ్చాడు.

"మిషను తీసుకోనిపో. నేనేం అడగను. దూది మాట ఒక్కటి అబద్ధమని మసీదు వీధిలో సెప్పి పో జమాలా. నీకు తెలుసు గదా. మా నాయన పేరు..."

"తెలుసు. మీ దూదిలో మచ్చ లేదు" అంది జమాలమ్మ. "నీకు కోసి సూపించేదానికి పరుపన్నా ఉన్నింది. నువ్వు నా మీద సెప్పినదానికి నేనేం కోసి సూపించాల? మా అమ్మకు ఏం సూపించాల?"

లారీ దగ్గర తల్లి చేతులు ఆగిపోయాయి.

"పోదాం రా మసీదు వీధికి. ముందు నువ్వు సెప్పు, డ్రైవరు మాట అబద్ధమని. నీ ఎనకాలే నేను సెప్తా."

అతను వీధి వైపు చూశాడు. తలుపుల్లోంచి, మేడల మీంచి చూస్తున్న జనాన్ని చూశాడు. పెదవులు కదిలాయి. ఆమె నిలబడి చూసింది, నిజంగానే ఎదురుచూసింది. హమాలీలు బీడీలు కాల్చుకుని పారేశారు. అతని నోట మాట రాలేదు.

"సరే అయితే, ఉండనీ" అని ఆమె తల్లి చెయ్యి పట్టుకుని ఎక్కించి, తానూ ఎక్కి, డ్రైవరును పోనిమ్మంది.